కోసిన కట్టెలో చెట్టు ఆనవాలు: అమ్రాబాద్ వంటచెరకు దుంగల గుర్తింపు

వృక్షజాతులను గుర్తించడానికి మన విద్యార్థులు నేర్చుకునే సూచికలు ఆకుతో మొదలై పువ్వుతో ముగుస్తాయి. పత్రం సరళమా, సంయుక్తమా? అమరిక అభిముఖమా, ఏకాంతరమా? అండాశయం ఊర్ధ్వమా, నిమ్నమా? ఈ ప్రశ్నలకు సమాధానం దొరికితే జాతి పేరు దొరుకుతుంది. పొయ్యి పక్కన పేర్చిన కట్టెకు వీటిలో ఒక్క ప్రశ్న కూడా వర్తించదు. దానికి మిగిలినవి బెరడు, చెక్క, వాసన, బరువు మాత్రమే. వాటితోనే చెట్టు పేరు చెప్పవలసి వచ్చినప్పుడు ఎంతవరకు నమ్మకంగా చెప్పగలం, ఎక్కడ ఆగిపోవాలి అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

నాగర్‌కర్నూల్ జిల్లా దక్షిణ భాగాన, కృష్ణానదికి ఉత్తరంగా ఉన్న అమ్రాబాద్ పీఠభూమి ఈ చర్చకు తగిన ప్రదేశం. సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం నల్లమల అడవిలో భాగం. చాంపియన్, సేథ్‌లు 1968లో ప్రకటించిన వర్గీకరణ ప్రకారం ఇక్కడి అడవి ప్రధానంగా దక్షిణ ఉష్ణమండల శుష్క మిశ్రమ ఆకురాల్చు అడవుల కోవకు చెందుతుంది. నల్లమద్ది, చిరుమాను, వేగిస, టేకు, సోమిద, బిల్లుడు, తునికి, నారేపి, అందుగు, మోదుగ, ఇప్ప వంటి చెట్లు పక్కపక్కనే పెరుగుతాయి. ఒకే జాతి ఆధిపత్యం వహించే అడవిలో దుంగ పేరు ఊహతోనే చెప్పవచ్చు. మిశ్రమ అడవిలో ఆ సౌలభ్యం లేదు. పైగా ఫిబ్రవరి నుండి మే వరకు చాలా చెట్లు మోడుబారి ఉంటాయి. వానాకాలానికి ముందుగా కట్టెలు సేకరించి నిల్వచేసుకునే రోజులు కూడా అవే. కాబట్టి నరికిన చెట్టు మొదలు వద్దకు వెళ్ళి చూసినా ఆకు దొరుకుతుందన్న హామీ లేదు.

ఈ గుర్తింపు విద్యార్థి పరీక్షకు పరిమితమైన విషయం కాదు. పొలం గట్టున పెరిగిన సర్కారు తుమ్మను గాని, జామాయిల్‌ను గాని కొట్టి బండిలో తీసుకువెళ్ళే రైతుకు, అడవిలో వేగిసను నరికి అదే పరిమాణంలో ముక్కలు చేసి తీసుకువెళ్ళే వ్యక్తికి మధ్య తేడా ఆ దుంగలోనే ఉంది. రవాణా నియమాలలో కొన్ని జాతులకు అనుమతి పత్రం అవసరం, కొన్నింటికి మినహాయింపు ఉంది. దుంగ పేరు తప్పుగా రాస్తే నిర్దోషిపై కేసు పడవచ్చు, లేదా అరుదైన చెట్టు లెక్కలోకి రాకుండానే బూడిద కావచ్చు. ఇక వంటచెరకు వినియోగంపై జరిగే గ్రామ సర్వేలలో 'అడవి కట్టె', 'మిశ్రమ కట్టె' అనే గడులు తరచుగా కనిపిస్తాయి. నా అభిప్రాయంలో ఆ గడి సర్వే మొత్తంలో అత్యంత బలహీనమైనది. ఏ చెట్టు ఎంత తరుగుతున్నదో తెలియనప్పుడు పొలం గట్టున ఏ చెట్టు నాటించాలో సిఫారసు చేయడానికి ఆధారం ఉండదు. బిల్లుడును అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 1998లో తన ఎర్ర జాబితాలో ముప్పునకు గురికాగల జాతిగా చేర్చింది. అటువంటి చెట్టు కొమ్మలు మోపులో ఉన్నాయా లేదా అన్నది 'మిశ్రమ కట్టె' అనే మాట ఎన్నటికీ చెప్పదు.

దుంగ వేరు, కట్టె వేరు

దారుశాస్త్ర గ్రంథాలలోని వర్ణనలన్నీ ముదిరిన కాండం చెక్క ఆధారంగా రాసినవి. మోపులో వచ్చేది చాలావరకు కొమ్మ. మూడు నుండి ఎనిమిది సెంటీమీటర్ల మందం గల కొమ్మలో చేవ ఏర్పడి ఉండకపోవచ్చు. నల్లమద్ది చేవ ముదురు గోధుమ రంగులో నల్లని చారలతో ఉంటుందని చదువుకున్న విద్యార్థి, పాలిపోయిన ఎర్రటి తెల్లచెక్క మాత్రమే ఉన్న కొమ్మను చూసి ఇది నల్లమద్ది కాదని తీర్మానిస్తాడు. చేవ లేకపోవడం జాతి లక్షణం కాదు, వయసు లక్షణం కావచ్చు.

దవ్వకు దగ్గరగా ఏర్పడిన లేత చెక్కలో దారునాళాలు సన్నగా ఉంటాయి. వాటి అమరిక కూడా ముదురు చెక్కలో ఉన్నంత స్పష్టంగా ఉండదు. టేకు ఇందుకు మంచి ఉదాహరణ. ముదిరిన టేకులో ప్రతి వార్షిక వలయం ఆరంభంలోనూ పెద్ద నాళాలు ఒక వరుసగా తీరి కనిపిస్తాయి. లేత చెక్కలో ఈ వరుస చెదిరి, పెద్ద నాళాలు వలయమంతటా వ్యాపించినట్లు కనిపించవచ్చు. కొమ్మ వంగి పెరిగినదైతే దవ్వ మధ్యలో కాక ఒక పక్కకు జరిగి ఉంటుంది; పైభాగంలో ఉద్రిక్త దారువు ఏర్పడి, కోసినప్పుడు ఉపరితలం నూలుపోగుల్లా లేస్తుంది. అందువల్ల పరిశీలనకు మోపులోని అతి లావైన కట్టెను, అందులోనూ ముడులు లేని భాగాన్ని, దవ్వకు దూరంగా బెరడు వైపున ఉన్న చెక్కను ఎంచుకోవాలి. ఒకే మోపులో ఒకే చెట్టు కట్టెలు ఉంటాయని భావించరాదు. మొదట మోపును బెరడును బట్టి కుప్పలుగా విడదీసి, ప్రతి కుప్ప నుండి రెండు మూడు ముక్కలు తీసుకోవడం మంచిది.

బెరడు చెప్పేది

బెరడు ఉన్న కట్టెను భూతద్దంతో మొదలుపెట్టడం సమయం వృథా చేయడమే. నల్లమద్ది బెరడు బూడిద నలుపు రంగులో, లోతైన నెర్రెలతో, మొసలి చర్మంలా దీర్ఘచతురస్రపు పెళ్ళలుగా విడిపోయి ఉంటుంది. తెల్లమద్ది అదే ప్రజాతికి చెందినదైనా దాని బెరడు నునుపుగా, తెల్లటి బూడిద రంగులో ఉండి పలుచని పెచ్చులుగా ఊడుతుంది. తునికి బెరడు కూడా నల్లగా పగిలి ఉంటుంది కనుక దూరం నుండి నల్లమద్దిగా భ్రమ కలిగిస్తుంది. తునికి పెళ్ళలు చిన్నవి. చిరుమాను బెరడు నునుపుగా, తెలుపు కలిసిన బూడిద రంగులో ఉంటుంది. అందుగు బెరడు కాగితపు పొరల్లా లేస్తుంది, కోసిన చోట సాంబ్రాణి వాసన వేస్తుంది. తపసి బెరడు కూడా పొరలుగా లేచేదే, మెరిసే తెలుపు రంగులో ఉంటుంది. దానికి ఆ వాసన లేదు. బిల్లుడు బెరడు మందంగా, బెండులా మెత్తగా ఉండి, గీసి చూస్తే లోపల పసుపుపచ్చగా ఉంటుంది. మోదుగ, వేగిసల బెరడు గాయాల నుండి ఎర్రని స్రావం కారి గట్టిపడుతుంది. ఈ రెండింటినీ చెక్క బరువు వెంటనే వేరు చేస్తుంది.

లేత కొమ్మ బెరడు ముదురు కాండపు బెరడులా ఉండదన్నది ఇక్కడ కూడా గుర్తుంచుకోవలసిన విషయం. నల్లమద్ది లేత కొమ్మకు మొసలి చర్మం ఉండదు.

చెంచులు ఈ విషయాలను ఏ సూచికా లేకుండానే ఎరుగుదురు. హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన చెంచుల గ్రంథం ప్రధానంగా ఈ అమ్రాబాద్ పీఠభూమిపై జరిపిన పరిశీలనల ఫలితమే. తేనె, దుంపలు, బంకలు సేకరించి జీవించిన సమాజానికి ఏ చెట్టు బెరడు ఎలా ఉంటుందో తెలియకపోతే రోజు గడవదు. చిరుమాను బంకకు, తపసి బంకకు గిరిజన సహకార సంస్థ వేర్వేరు ధరలు చెల్లిస్తుంది. బంక తీసేవారు చెట్టును పొరబడరు. పెంటలోని పెద్దలకు ముక్కను చూపి పేరు అడిగేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 'ఇది నల్లమద్దేనా' అని అడగకూడదు. 'ఇదేం కట్టె, ఎట్లా తెలిసింది' అని అడగాలి. రెండవ ప్రశ్నకు వచ్చే సమాధానంలోనే బెరడు, వాసన, చీలే తీరు, మంట తీరు అన్నీ బయటపడతాయి. ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడిగి, సమాధానాలు కలిసినప్పుడే ఆ పేరును నమోదు చేయడం మంచి పద్ధతి.

స్థానిక నామాలను ఆధారంగా తీసుకోవడానికి మన శాస్త్రవేత్తలు వెనుకాడడం చూస్తూ ఉంటాం. అయితే ఈ అడవి చెట్ల శాస్త్రీయ నామాలను ఒకసారి పరిశీలిస్తే వేగిస, చిరుమాను, బిల్లుడు, సోమిద, నారేపి, తునికి, అందుగు, తపసి అన్నింటినీ మొదట వర్ణించినవాడు విలియం రాక్స్‌బర్గ్. 1781 నుండి 1793 వరకు సామర్లకోటలో ఉంటూ తెలుగు నేల మొక్కలను పరిశీలించిన ఆయన, 1795 నుండి 1820 వరకు వెలువడిన కోరమాండల్ తీర వృక్షాల గ్రంథంలో తెలుగు పేర్లను శ్రద్ధగా నమోదు చేశాడు. సోమిద ప్రజాతి శాస్త్రీయ నామమైన 'సోయిమిడా' తెలుగు మాట నుండి వచ్చినదే. పేరు ప్రజల నుండి తీసుకోవడం శాస్త్రానికి కొత్త కాదు.

కాని పేర్లలో ఉచ్చులు కూడా ఉన్నాయి. కొడిశ, కొడిశపాల అనే రెండు పేర్లను తీసుకోండి. కొడిశపాల అన్న హోలరీనా బెరడు జిగట విరేచనాలకు దేశీయ వైద్యంలో వాడేది. కొడిశ అన్న క్లీస్టాంథస్ కొలైనస్ ప్రాణాంతక విషవృక్షం. దాని ఆకుల వల్ల కలిగే మరణాలు దక్షిణ భారత వైద్య సాహిత్యంలో సుపరిచితం. కోసి తెచ్చిన కట్టె నుండి బెరడు ఒలిచి మందుకు వాడేవారికి ఈ తేడా ప్రాణంతో సమానం. పచ్చి కొడిశపాల కొమ్మను గీస్తే తెల్లని పాలు కారుతాయి, చెక్క తెల్లగా తేలికగా ఉంటుంది. కొడిశకు పాలు లేవు. చెక్క ఎర్రటి గోధుమ రంగులో గట్టిగా బరువుగా ఉంటుంది. ఎండిపోయిన కట్టెలో పాలు కనిపించవు కనుక అప్పుడు చెక్క రంగు, బరువే ఆధారం. ఎండు కట్టె బెరడును పేరు నమ్మి మందుకు ఎవరికీ సూచించరాదు. ఇదే సందర్భంలో నల్లజీడిని కూడా తలచుకోవాలి. బట్టలపై చెరగని గుర్తులు పెట్టడానికి రజకులు వాడిన రసం దానిదే. కోసిన చోట స్రవించి నల్లబడే ఆ రసం చర్మంపై బొబ్బలు రేపుతుంది. తెలియని కట్టెలను ఏరేటప్పుడు విద్యార్థులు చేతి తొడుగులు ధరించాలనడానికి ఆ ఒక్క చెట్టు చాలు.

అడ్డకోత, భూతద్దం

బెరడు ఊడిపోయిన కట్టె వచ్చినప్పుడు అసలైన పని మొదలవుతుంది. గొడ్డలి దెబ్బ పడిన కొసలో గాని, రంపం కోసిన ముఖంలో గాని ఏమీ కనిపించదు. పోగులు నలిగి రంధ్రాలు మూసుకుపోతాయి. కొసను పదునైన బ్లేడుతో ఒక్క ఊపులో, చిటికెన వేలి గోరంత వెడల్పున నునుపుగా చెక్కాలి. కొద్దిగా నీటితో తడిపి, పదింతలు పెద్దదిగా చూపే చేతిభూతద్దాన్ని కంటికి ఆనించి పట్టుకుని, కట్టెను వెలుతురులో భూతద్దం వద్దకు తేవాలి. భూతద్దాన్ని కట్టెపై పెట్టి పైనుండి వంగి చూసేవారికి సగం లక్షణాలే కనిపిస్తాయి. బ్లేడు పదును తగ్గిన వెంటనే మార్చాలి; ఈ పనిలో పొదుపు చేయకూడని ఖర్చు అదొక్కటే.

మొదట చూడవలసింది రంధ్రాలు, అంటే అడ్డంగా తెగిన దారునాళాలు. అవి వలయం ఆరంభంలో పెద్దవిగా వరుస తీరాయా, లేక అంతటా ఒకే తీరుగా చెదిరి ఉన్నాయా? మన అడవులలో స్పష్టమైన వలయ రంధ్ర దారువు గల చెట్లు తక్కువ. టేకు వాటిలో ప్రధానమైనది. తోలు వాసన, తాకితే నూనె అంటినట్లున్న స్పర్శ, నాళాలలో లేత పసుపు నిక్షేపాలు టేకును ధ్రువపరుస్తాయి. చెన్నంగిలో కూడా రంధ్రాలు కొంతవరకు వలయాన్ని అనుసరించి అమరుతాయి. ఆ వాసన, ఆ జిడ్డు దానిలో ఉండవు, దవ్వరేఖలు చాలా సన్నవి.

జామాయిల్‌లో రంధ్రాలు దాదాపు అన్నీ ఒంటరిగా ఉంటూ ఏటవాలు వరుసలుగా సాగుతాయి. వాటి చుట్టూ తెల్లని వలయాలేవీ భూతద్దానికి ప్రస్ఫుటంగా కనిపించవు. ఈ అమరిక ఒకసారి చూసినవారు మరచిపోరు. సరుగుడులో కూడా ఏటవాలు అమరిక ఉన్నా, అక్కడక్కడ వెడల్పాటి దవ్వరేఖలు, సన్నని అడ్డగీతల వంటి మృదుకణజాలం దానిని వేరు చేస్తాయి. రైతు పొలంలోని జామాయిల్‌ను అడవి చెట్టు నుండి వేరు చేయడం ఈ విద్యలో అన్నిటికన్నా సులువైన పని, రైతుకు అన్నిటికన్నా ఉపయోగకరమైన పని కూడా.

తరువాత చూడవలసింది మృదుకణజాలం. ఇది చుట్టూ ఉన్న పోగుల కన్నా లేత రంగులో కనిపిస్తుంది. నల్లమద్దిలో అది ప్రతి రంధ్రం చుట్టూ కన్ను ఆకారంలో ఏర్పడి, రెండు పక్కలా రెక్కలు చాచి, పొరుగు రంధ్రపు రెక్కలతో కలుస్తుంది. దవ్వరేఖలు మాత్రం ఒకే కణం వెడల్పు గలవి కనుక భూతద్దానికి అందనంత సన్నగా ఉంటాయి. మోదుగలో మృదుకణజాలం వెడల్పాటి పట్టీలుగా ఉండి, కొస మొత్తం చారలు చారలుగా కనిపిస్తుంది. అందుకే ఆ చెక్క తేలిక, త్వరగా పుచ్చుతుంది. తునికిలో దవ్వరేఖల మధ్య అల్లిన వలలా అతి సన్నని అడ్డగీతలు ఉంటాయి. చేవ ఉన్న ముక్క అయితే నల్లని చారలే చాలు. చిరుమానులో రంధ్రాలు బాగా చిన్నవి, చెక్క దట్టం, నడుమ ఊదా కలిసిన గోధుమరంగు చేవ సక్రమమైన అంచు లేకుండా ఉంటుంది. సండ్రలో చేవ ఎర్రగా ఉండి నాళాలలో తెల్లని పొడి వంటి నిక్షేపాలు మెరుస్తాయి. ఆ చేవ ముక్కలను ఉడికిస్తేనే కాచు వస్తుంది. తపసి దవ్వరేఖలు కంటికే కనిపించేంత వెడల్పు.

మూడవ చూపు అడ్డకోతపై కాదు, బెరడు ఒలిచిన పక్క ముఖంపై. దానిని నునుపుగా చెక్కి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే కొన్ని చెట్లలో సన్నని అలల వంటి అడ్డగీతలు దొంతరలుగా కనిపిస్తాయి. దవ్వరేఖలు అంతస్తులుగా అమరినందువల్ల ఏర్పడే లక్షణమిది. వేగిస, ఎర్రచందనం, జిట్రేగి, మోదుగలలో ఇది ఉంటుంది. మద్దులలో, టేకులో ఉండదు. అందుగు, గుంపెనలలో ఇదే ముఖంపై చుక్కల వలె చిన్న బంకనాళాలు కనిపిస్తాయి. అన్ని విధాలా అనామకంగా ఉన్న తెల్లని కట్టెలో ఈ చుక్కలు దొరికితే వెదకవలసిన కుటుంబాలు ఒకటి రెండుకు తగ్గిపోతాయి.

గ్లాసెడు నీళ్ళ పరీక్ష

వేగిసకు ప్రకృతి ప్రత్యేకమైన సాక్ష్యం ఇచ్చింది. దాని చేవ పొట్టును గాజు గ్లాసులోని నీటిలో వేస్తే కొద్దిసేపటికి నీరు పసుపు గోధుమ రంగుకు మారుతుంది. ఆ గ్లాసును నల్లని వస్త్రం ముందు ఉంచి ఎండలో చూస్తే అంచున నీలి కాంతి తేలుతుంది. మధుమేహానికి వాడే వేగిస చెక్క గ్లాసులలో నీరు రంగు మారడానికి కారణం ఈ చేవ పదార్థాలే. ఇటువంటి నీలి వెలుగు ఐరోపా శాస్త్ర చరిత్రలో ఒక పాత చిక్కుముడి. మెక్సికో నుండి వచ్చిన మూత్రపిండ వ్యాధుల కర్ర గురించి స్పెయిన్ వైద్యుడు మొనార్డెస్ 1565లో రాశాడు. రాబర్ట్ బాయిల్ 1664లో దాని రంగులను పరీక్షించాడు. ఆ కర్ర ఏ చెట్టుదన్న ప్రశ్న శతాబ్దాలు నలిగింది. 1915లో అమెరికా వృక్షశాస్త్రవేత్త సఫర్డ్, ఆ పేరుతో చలామణి అయినవి ఒకటి కాదు రెండు చెట్లని, వాటిలో ఒకటి వేగిస ప్రజాతికే చెందిన ఫిలిప్పీన్స్ చెట్టని వివరించాడు. చెక్క ముక్కతో చెట్టును వెదకడం ఎంత కాలం పట్టగలదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

ఈ కథలో మనకు పనికివచ్చే హెచ్చరిక కూడా ఉంది. నీలి వెలుగు ఆ ప్రజాతిలోని పలు జాతులలో కనిపిస్తుంది. అమ్రాబాద్‌లో దొరికిన కట్టె విషయంలో ఆ పరీక్ష ఆచరణలో వేగిసను సూచిస్తుందంటే, అది ఇక్కడ సహజంగా పెరిగే చెట్ల జాబితా మనకు తెలిసి ఉండడం వల్లనే. లారీలో ఎక్కడి నుండో వచ్చిన చెక్కకు ఆ భరోసా లేదు. ఎర్రచందనం కూడా వేగిస ప్రజాతికే చెందినా దాని సహజ విస్తృతి ప్రధానంగా శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండ కొండలు. దాని చేవలోని ఎర్రని రంగు పదార్థం నీటిలో సులభంగా కరగదు. ఆల్కహాలులో ముదురు ఎరుపుగా దిగుతుంది. రెండు పరీక్షలకూ చేవ పొట్టే కావాలి. తెల్లచెక్కతో ఫలితం రాకపోతే దానిని 'కాదు' అని రాయకూడదు, 'పరీక్ష జరగలేదు' అని రాయాలి.

బరువు విషయంలో పచ్చికట్టె మోసం చేస్తుంది. ఏ చెట్టు కణకవచపు పదార్థమైనా సాంద్రతలో దాదాపు సమానమే, నీటికి ఒకటిన్నర రెట్లు. కణాల లోపలి ఖాళీ ఎంత ఉన్నదన్నదే చెట్టుకూ చెట్టుకూ తేడా. పచ్చికట్టెలో ఆ ఖాళీని నీరు నింపుతుంది కనుక మోదుగ కూడా బరువుగా తోస్తుంది. ఆరబెట్టిన తరువాత మోదుగ ఘనమీటరుకు 500 కిలోల ప్రాంతంలో, టేకు 650 ప్రాంతంలో, చిరుమాను 900 ప్రాంతంలో తూగుతాయి. నారేపి చేవ, ఎర్రచందనం చేవ వెయ్యి దాటి నీటిలో మునుగుతాయి. కిలోకు లభించే వేడి ఎండిన కట్టెలన్నిటిలో 18 నుండి 20 మెగాజౌళ్ళ పరిధిలోనే ఉంటుంది. గృహిణులు చిరుమానును మెచ్చుకోవడానికి, మోదుగను తీసివేయడానికి కారణం ఘనపరిమాణం లెక్కలోనే ఉంది. కష్టపడి పెరిగిన దట్టమైన చెట్టే పొయ్యికి మొదట ఎంపికవుతుంది. వంటచెరకు సర్వేలో జాతిపేరు తప్పనిసరి అనడానికి నాకు తోచే బలమైన కారణం ఇదే.

ఆస్ట్రేలియాలో నీలగిరి జాతుల కలపను వేరు చేయడానికి అగ్గిపుల్లంత చీలికను కాల్చి, బొగ్గు మిగిలిందా బూడిద మిగిలిందా, బూడిద ఏ రంగులో ఉందో చూసే పద్ధతి ఉంది. గాలి లేని చోట, ఎండిన చేవ చీలికతో చేస్తే అది సమర్థన సాక్ష్యంగా పనికివస్తుంది. ఒంటరిగా దానిపై ఆధారపడడం మంచిది కాదు.

ఎక్కడ ఆగాలి

ఇంత పరిశీలన చేసిన తరువాత కూడా చాలా సందర్భాలలో మన చేతికి వచ్చేది జాతి కాదు, ప్రజాతి. బెరడు లేని నల్లమద్ది, తెల్లమద్ది ముక్కలను భూతద్దంతో విడదీయగలమని చెప్పడం సాహసమే. ఒకటి కొండవాలున, మరొకటి వాగు ఒడ్డున పెరుగుతుందన్న సమాచారం చెక్క కన్నా ఎక్కువ చెబుతుంది. నల్లతుమ్మ, తెల్లతుమ్మ, సర్కారు తుమ్మ, సుబాబుల్ ఒకే కుటుంబపు చెట్లు. వాటి అడ్డకోతలు ఒకదానినొకటి పోలి ఉంటాయి. ముళ్ళు, బెరడు మిగిలి ఉంటే సులభం. లేకపోతే ప్రయోగశాలకు పంపవలసిందే. చిరుమాను విషయంలో పేరే మారింది. దాని ప్రజాతి అనోగైసస్‌ను 2017లో మద్ది ప్రజాతి అయిన టెర్మినేలియాలో కలిపారు. పాత పుస్తకాలతో నివేదికలు పోల్చేటప్పుడు 'టెర్మినేలియా ప్రజాతి' అని మాత్రమే రాస్తే అందులో చిరుమాను చేరిందో లేదో తెలియని పరిస్థితి ఏర్పడుతుంది. నివేదికలో ఏ నామకరణాన్ని అనుసరించామో చెప్పడం ఇప్పుడు తప్పనిసరి అయింది.

ప్రజాతి వద్ద ఆగడం న్యూనత కాదు. చెక్క సాక్ష్యానికి ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చిన కేసులోనే ఇది కనిపిస్తుంది. లిండ్‌బర్గ్ శిశువు అపహరణలో వాడిన నిచ్చెనను మాడిసన్‌లోని అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల శాస్త్రవేత్త ఆర్థర్ కోలర్ పరీక్షించి, 1935లో న్యూజెర్సీ న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పాడు. నిచ్చెనలోని ముఖ్య భాగాలు అమెరికా దక్షిణ ప్రాంతపు పైన్ కలప. ఆ సముదాయంలోని జాతులను చెక్కను బట్టి నమ్మకంగా విడదీయలేము. కోలర్ వాదన నిలిచింది జాతి పేరుపై కాదు. రంపపు, చిత్రిక యంత్రపు గుర్తులపై, నిచ్చెన కర్రకు, నిందితుడి ఇంటి అటకపై పలకకు మధ్య వార్షిక వలయాలు, మేకుల రంధ్రాలు సరిపోలడంపై. చెప్పగలిగినంత మాత్రమే చెప్పినందువల్లనే ఆ సాక్ష్యానికి బలం వచ్చింది.

మనకు దగ్గరలోనే మరొక నిదర్శనం ఉంది. బళ్ళారి సమీపంలోని సంగనకల్లు నవీన శిలాయుగపు స్థలంలో దొరికిన పొయ్యి బొగ్గులను దారు నిర్మాణాన్ని బట్టి పరిశీలించారు. ఎలెని అసూటి, డోరియన్ ఫుల్లర్‌లు దక్షిణ భారతపు చెట్లు, అడవులపై 2008లో వెలువరించిన గ్రంథానికి ఇటువంటి బొగ్గుల అధ్యయనమే నేపథ్యం. కట్టె బొగ్గుగా మారినప్పుడు కుంచించుకుపోతుంది, రంగు వాసనలు పోతాయి, కాని నాళాల అమరిక, దవ్వరేఖల వెడల్పు నిలిచి ఉంటాయి. బొగ్గును చేతితో విరిచి ఆ విరుపు ముఖాన్నే సూక్ష్మదర్శినితో చూస్తారు. వేల ఏళ్ళనాటి పొయ్యిలో ఏ కట్టె మండిందో తెలుసుకునే పద్ధతి ఉండగా నిన్నటి పొయ్యి గురించి 'మిశ్రమ కట్టె' అని రాయడం విచారకరం. వేసవిలో నల్లమలలో మంటలు లేచిన తరువాత మిగిలే మాడిన మొదళ్ళకు కూడా ఈ పద్ధతి పనికివస్తుంది.

నివేదికలో 'గుర్తించబడినది' అనే ఒకే మాటకు బదులు మూడు మాటలు వాడాలని నా సూచన. బెరడు, చెక్క, స్థలం మూడూ ఒకే పేరును చూపితే జాతి పేరు రాయాలి. చెక్క మాత్రమే ఉంటే ప్రజాతి పేరు. అదీ తేలకపోతే 'పట్టీల మృదుకణజాలం గల తేలిక తెల్లచెక్క' వంటి వర్ణన రాసి, ముక్కను భద్రపరచాలి. వర్ణన రాసి ఉంచిన ముక్కకు రేపు పేరు దొరకవచ్చు; తప్పు పేరు రాసిన ముక్కను మళ్ళీ ఎవరూ తీసి చూడరు.

పోల్చడానికి ముక్కలు

ఏ గ్రంథమూ పేరు తెలిసిన ముక్కకు సాటిరాదు. గ్యాంబుల్ 1881లో వెలువరించిన భారతీయ కలపల గ్రంథం, పియర్సన్, బ్రౌన్‌ల 1932 నాటి రెండు సంపుటాలు, డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో కె. ఎ. చౌధురి వంటివారు చేసిన కృషి నేటికీ ఆధారాలే. ఆ సంస్థలోని దారు సంగ్రహాలయం, బెంగళూరులోని దారు శాస్త్ర సాంకేతిక సంస్థ సందేహాస్పద నమూనాలకు తుది ఆశ్రయం. అంతర్జాతీయ దారు నిర్మాణ శాస్త్రజ్ఞుల సంఘం 1989లో ప్రకటించిన 163 లక్షణాల జాబితా వర్ణనకు ఉమ్మడి భాష ఇచ్చింది. ఉత్తర కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయం నిర్వహించే ఇన్‌సైడ్‌వుడ్ సమాచార నిధిలో ఈ లక్షణాల ఆధారంగా ఉచితంగా వెదకవచ్చు. కట్టె కొస ఛాయాచిత్రాన్ని యంత్రమే పోల్చి పేరు చెప్పే జైలోట్రాన్ వంటి పరికరాలు వచ్చాయి; కాని నల్లమల చెట్ల చిత్రాలతో శిక్షణ ఇవ్వని యంత్రం నల్లమల కట్టెకు పేరు చెప్పలేదు. డి.ఎన్.ఎ. పద్ధతి పచ్చి తెల్లచెక్కకు పనికివస్తుంది, ఎండిన చేవలో అది శిథిలమై దొరకడం కష్టం. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం 2016లో వెలువరించిన కలప గుర్తింపు మార్గదర్శిని ఈ పద్ధతులన్నిటి బలాబలాలను వివరించింది. న్యాయస్థానానికి వెళ్ళే నమూనా విషయంలో దానిని చదవనిదే ముందుకు పోరాదు.

పాలెం వ్యవసాయ కళాశాల, పరిశోధన స్థానం ఉన్న ఈ జిల్లాలోనే స్థానిక ముక్కల సంగ్రహం ఒకటి ఏర్పడవలసి ఉంది. అది ఖర్చుతో కూడినది కాదు. ఆకు, పువ్వు లేదా కాయ ఉన్న కాలంలో చెట్టును గుర్తించి, దాని ఎండిన నమూనాతో పాటు అదే చెట్టు కాండం నుండి ఒకటి, కొమ్మ నుండి ఒకటి తీసుకోవాలి. కొమ్మ ముక్క లేని సంగ్రహం వంటచెరకు పనికి సగమే ఉపయోగపడుతుంది. అభయారణ్యంలో చెట్టును కోయరాదు కనుక అటవీ శాఖ అనుమతితో గాలికి పడిన చెట్ల నుండి, పొలం గట్ల నుండి సేకరించాలి.

ముక్క పదిహేను సెంటీమీటర్ల పొడవు ఉంటే చాలు, ఒక అంచున బెరడు తప్పక ఉండాలి. ఆరేటప్పుడు బెరడు ఊడుతుంది కనుక దానిని నూలుదారంతో కట్టి ఉంచాలి. కొసలకు మైనం పూస్తే పగుళ్ళు రావు. ప్లాస్టిక్ సంచిలో పచ్చిముక్కకు బూజు పడుతుంది, గుడ్డసంచి మేలు. సేకరించిన స్థలం, తేదీ, చెట్టు చుట్టుకొలత, ఆ ఊరివారు చెప్పిన పేరు సీసపుకడ్డీతో చీటీపై రాయాలి. సిరా తడికి చెదిరిపోతుంది. వేగిసగా అనుమానమున్న ముక్కలను మిగిలినవాటితో కలపకుండా వేరే సంచిలో ఉంచాలి, తడి తగిలితే వాటి పసుపు మరక పక్క ముక్కలకు అంటి రంగు లక్షణాన్ని చెడగొడుతుంది.